పతంగుల వారంలో పిల్లల క్యాజువాలిటీ

అమ్మలూ,

సంక్రాంతి వారమంతా నీకు పిల్లల క్యాజువాలిటీలో నైట్ డ్యూటీలు పడ్డాయని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో టెన్షన్ వినబడింది. నాకూ కొంచెం ఉంది, అందుకే రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఆ వారం పతంగుల వారం. పిట్టగోడ లేని డాబాల మీద, ఆకాశం చూస్తూ వెనక్కి నడిచే పిల్లలు పడతారు. తల దెబ్బలు నీ దగ్గరికి తప్పకుండా వస్తాయి.

పుర్రె ఎముక చిట్లిందని చెప్పగానే ఏ తల్లైనా "కట్టు కడతారా? ఆపరేషన్ చేస్తారా?" అని అడుగుతుంది. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది సన్నని గీతలాంటి లీనియర్ ఫ్రాక్చర్, అదీ ఎక్కువగా తల పక్క భాగంలోని పెరైటల్ ఎముకకు. దానికి కట్టూ లేదు, ప్లాస్టరూ లేదు. కొన్ని నెలల్లో అదే అతుక్కుంటుంది. ఆ గీత కింద మెదడు ఎలా ఉంది, దాని మీది పొర చిరిగిందా, రక్తం చేరుతోందా అన్నది చూసుకోవడమే మన వైద్యం. ఈ ఒక్క మాట గుర్తుంటే ఆ రాత్రి నీకు తోవ తప్పదు.

బిడ్డ రాగానే గాయం వైపు చూడకు. ముందు ఊపిరి, రక్తప్రసరణ, మెడ. అవి కుదురుగా ఉన్నాక తల మీద చెయ్యి వెయ్యి. రెండేళ్లలోపు బిడ్డకు నీ అరచేతిని మించిన పరికరం లేదు. నెమ్మదిగా తలంతా తడిమి చూడు. నుదుటి మీద బొప్పి అంత భయపెట్టేది కాదు. పక్కన గానీ వెనక గానీ మెత్తగా, నీరు నిండినట్టు వాపు తగిలితే కింద ఎముక చిట్లి ఉండొచ్చు. ఆ వాపు ఒక్కోసారి మర్నాటికి గానీ తేలదు. సూదితో లాగాలని చూడకు, ఇన్‌ఫెక్షన్ తెచ్చిపెట్టిన వాళ్లమవుతాం. మాడు చూసేటప్పుడు బిడ్డ ఏడుపు ఆపాక, కూర్చోబెట్టి చూడు. ఏడుస్తున్నప్పుడు ఎవరి మాడైనా ఉబుకుతుంది. ఆరు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం సుమారు అర లీటరే. తల చర్మం కింద చేరిన రక్తంతోనే పాలిపోవచ్చు, కాబట్టి కనురెప్ప లోపల చూడటం మరిచిపోకు.

"వీడు ఎప్పటిలా ఉన్నాడా అమ్మా?" అని తల్లిని అడుగు. ఇది మాట వరసకు అడిగే ప్రశ్న కాదు. తల దెబ్బ తగిలిన ఏ బిడ్డకు సీటీ స్కాన్ అవసరమో తేల్చడానికి, అమెరికాలో 42,000 మందికి పైగా పిల్లల్ని పరిశీలించి 2009లో ప్రచురించిన పెకార్న్ నియమాల్లో, బిడ్డ ఎప్పటిలా లేకపోవడం రెండేళ్లలోపు వాళ్లకు ఒక గుర్తు. ఎత్తు కూడా అడుగు. రెండేళ్లలోపు బిడ్డ మూడు అడుగులకు మించి, పెద్ద పిల్లలు అయిదు అడుగులకు మించి పడితే గట్టి దెబ్బగా లెక్క. తలలో ఎముక చిట్లినట్టు చేతికి తగిలినా, మత్తుగా ఉన్నా వెంటనే సీటీ. అనుమానం మధ్యస్థంగా ఉంటే నాలుగు నుంచి ఆరు గంటలు కళ్ల ముందు ఉంచుకుని చూడొచ్చు. బంధువులు ఒత్తిడి చేశారని అందరికీ సీటీ తీయకు, రేడియేషన్ పసి ఒంటికి ఊరకే పోదు. అలాగే ఎక్స్‌రే బాగుందని ధైర్యం చెప్పకు, లోపలి రక్తస్రావం దానిలో కనబడదు.

అప్పుడే పుట్టిన బిడ్డల్లో ఎముక విరగకుండా పింగ్‌పాంగ్ బంతిలా సొట్ట పడొచ్చు. కొన్ని వాటంతట అవే లేస్తాయి. ఎముక తన మందాన్ని మించి లోపలికి దిగినా, పైన గాయం తెరుచుకుని ఉన్నా న్యూరోసర్జన్‌ను నిద్ర లేపడానికి మొహమాటపడకు. కళ్ల చుట్టూ నల్లబడటం, చెవి వెనక కమలడం, ముక్కు నుంచో చెవి నుంచో నీరులాంటిది కారడం పుర్రె అడుగు చిట్లిన గుర్తులు. అలాంటి బిడ్డకు ముక్కులో ట్యూబ్ వేయకు, దూది కుక్కకు. ఆ కారడం చాలామందిలో వారం పది రోజుల్లో ఆగుతుంది. తర్వాత వినికిడి పరీక్ష మాత్రం చేయించు.

ఇంకా బోర్లా పడటం రాని బిడ్డ మంచం మీద నుంచి దొర్లి పడ్డాడని ఎవరైనా చెబితే ఆ మాట దగ్గర ఆగు, ఎవరైనా కొట్టి ఉండొచ్చు. నిందించకు, గొంతు పెంచకు. విన్నది విన్నట్టు రాసి, ఒళ్లంతా చూసి, ఆ రాత్రే సీనియర్‌కి చెప్పు. ఇంటికి పంపడానికి తొందరపడకు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మొదట్లో పనిచేసిన ఒక ఆసుపత్రికి ఎనిమిది నెలల పాపను తెచ్చారు. మేడ మెట్ల మీద నుంచి పడింది. లీనియర్ ఫ్రాక్చరే, కాకపోతే గీత మధ్య ఎడం కాస్త ఎక్కువ. రెండు రోజుల్లో పాప నవ్వుతూ ఆడింది. "ఇక భయం లేదు, తీసుకెళ్లండి" అన్నాను. మళ్లీ రమ్మనలేదు. నాలుగు నెలల తర్వాత వాళ్ల నాన్న వికారాబాద్ నుంచి బస్సులో ఎత్తుకొచ్చాడు. గీత ఉన్నచోట ఉబ్బు, వేలు పెడితే నాడిలా కొట్టుకుంటోంది. ఎముక కింది డ్యూరా పొర చిరిగితే, పెరిగే మెదడు ఆ సందులోంచి పైకి తోస్తుంది, పగులు అతుక్కోకపోగా వెడల్పవుతుంది. చాలా అరుదు, ఎక్కువగా మూడేళ్లలోపు వాళ్లకే వస్తుంది. పొర కుట్టి ఎముక సరిచేయాల్సి వచ్చింది. పాప బాగైంది. "రెండు నెలలకు చెయ్యి పెట్టి చూద్దాం, తీసుకురండి" అన్న ఒక్క మాట నేను అనలేదు. ఆ తండ్రి నన్ను ఏమీ అనలేదు, అది ఇప్పటికీ నాకు బరువుగానే ఉంది.

అందుకే పంపేటప్పుడు చీటీ నీ చేత్తో తెలుగులో రాయి. వాళ్లకు ఉర్దూ వస్తే సిస్టర్‌ని అడిగి ఉర్దూలో రాయించు. మళ్లీ మళ్లీ వాంతులు, లేపినా లేవకపోవడం, ఫిట్స్, పాలు తాగకపోవడం, వాపు పెరగడం కనిపిస్తే అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయమని చెప్పు. నొప్పికి పారాసిటమాల్ చాలు, కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటలకోసారి. నానమ్మలు వాపు మీద రుద్దుతారు, గాయంలో కాఫీ పొడి కూరతారు. వాళ్లను కసురుకోకు. "అమ్మమ్మా, కింద ఎముక అతుక్కుంటోంది, దాన్ని కదపొద్దు" అంటే వింటారు. రెండు నెలల తర్వాతి తేదీ వేసి, ఫోన్ నంబర్ నీ డైరీలో రాసుకో. ఆ రోజు రాకపోతే నువ్వే ఫోన్ చెయ్యి.

స్కూటర్ మీద పిల్లల్ని తీసుకెళ్లే వాళ్లకు ఇంకో మాట. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకు హెల్మెట్ ఉండాలని, బండి 40 దాటకూడదని కేంద్రం 2022లో తెచ్చిన నిబంధన ఉంది. చాలామందికి తెలియదు. చీటీ చివర ఒక లైన్ రాయి.

పెద్దమ్మ సకినాలు పంపుతోంది. నైట్ డ్యూటీలో ఆకలితో ఉండకు.

పెదనాన్న