లాల్‌బాగ్ మామిడి మేళాకు వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఆదివారం పిల్లలతో లాల్‌బాగ్ తోటలో జరిగే మామిడి మేళాకు వెళ్తున్నామని ఫోనులో చెప్పావు. మోకాళ్ల నొప్పులతో నేను రాలేను కాబట్టి, ఇరవై ఏళ్లుగా ఆ మేళాకు వెళ్లిన దానిగా నాకు తెలిసింది రాస్తున్నాను.

మెట్రోలో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగండి. గుడ్డ సంచులు, గొడుగు మరిచిపోకు. బెంగళూరులో మధ్యాహ్నం మాడ్చిన ఎండే సాయంత్రానికి వడగళ్ల వాన తెస్తుంది.

మొదటి దుకాణంలోనే కొనేయకు. ఒక చుట్టు తిరిగి రా. కోలారు జిల్లా శ్రీనివాసపురం నుంచి వచ్చే రైతుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. “ఎప్పుడు కోశారన్నా? గడ్డిలోనే మగ్గబెట్టారా?” అని అడుగు. సొంత తోట కాయ తెచ్చిన మనిషి ఏ చెట్టుదో కూడా చెబుతాడు. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధమే అయినా అడగడం మన జాగ్రత్త.

పండును బొటనవేలితో నొక్కకు. నొక్కిన చోట రేపటికి నల్లబడుతుంది, నష్టం ఆ రైతుది. అరచేతిలో పెట్టుకుని ముచ్చిక దగ్గర వాసన చూడు. భుజాలు నిండుగా పైకి లేచి, ముచ్చిక గుంటలో కూర్చున్నట్టు ఉంటే కాయ చెట్టు మీదే ముదిరిందన్నమాట. లేతగా కోసినది ఎన్నాళ్లు మగ్గినా తీపెక్కదు, తోలు ముడతలు పడుతుంది.

ఆల్ఫాన్సోను ఇక్కడ బాదామి అంటారు. పైకి మచ్చలేకుండా ఉన్నా లోపల కండ తెల్లగా బెండులా ఉండవచ్చు, ఒకటి కోసి చూపించమను. తోతాపురి మనం బెంగుళూరు కాయ అనేదే, ఉప్పూ కారం అద్దుకోవడానికి రెండు చాలు.

పిల్లలకు మాత్రం రసపూరి కొనిపెట్టు. ఇంటికి రాగానే అరగంట నీళ్లలో వేస్తే సొన వదులుతుంది. తర్వాత వాళ్ల చేతికే ఇచ్చి, తోలు చిట్లకుండా చుట్టూ మెల్లగా పిసకమను. లోపల రసం కదులుతున్నట్టు తెలిశాక ముచ్చిక తీసి, మొదటి రెండు చుక్కలు పిండేసి జుర్రుకోవాలి. మోచేతుల దాకా కారినా ఏమీ అనకు. ముక్కలు కోసి పళ్లెంలో పెడితే రసపూరి రుచి వాళ్లకు ఎప్పటికీ తెలియదు.

ఒక ఏడాది ఆశపడి పది కిలోలు, అన్నీ పండినవే కొన్నాను. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి తెస్తే మూడో రోజుకు సగం కుళ్లాయి. పారేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. నువ్వు సగమే పండ్లు తీసుకో, మిగతావి దోరకాయలు. పాత పేపరు మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, రోజూ తిప్పుతూ ఉండు. పండకముందే ఫ్రిజ్‌లో పెట్టకు.

ఎండ తగ్గాక పిల్లలను అక్కడి బండ మీదికి తీసుకెళ్లు. ఆ రాతి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. లాల్‌బాగ్ తోటను హైదర్ అలీ 1760లో మొదలుపెట్టాడు.

వచ్చేటప్పుడు ఇమామ్ పసందు కనిపిస్తే నాకు రెండు తీసుకురా. దోరవే చూడు, పండించుకోవడం నాకు ఇష్టం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ