ఇంజినీరింగ్ వదిలి ఎకనామిక్స్‌కి మారతావా? ముందు లోన్ సంగతి చెప్పు

తమ్ముడూ, జడ్చర్ల నుంచి అమెరికా వచ్చి మెకానికల్‌లో రెండో ఏడు చదువుతున్నానని, మనసు మాత్రం ఎకనామిక్స్ మీదో బిజినెస్ మీదో ఉందని, మారొచ్చా అని అడిగావు. మారొచ్చు. ఇక్కడి పిల్లలు మారుతూనే ఉంటారు, ఎవరూ వింతగా చూడరు. కానీ వాళ్లకు వీసా గొడవ లేదు, ఊళ్లో ఇల్లు తాకట్టులో లేదు. నువ్వు అంత పొడుగ్గా రాశావు గానీ లోన్ ఎంతో, ఎవరి ఆస్తి మీద తెచ్చారో ఎక్కడా రాయలేదు. నేను అక్కడే మొదలుపెడతా.

మాది నల్గొండ పక్కన పల్లె. తెలంగాణ వచ్చిన ఏడు, 2014లో, ఎలక్ట్రికల్ చదువుతానని ఇక్కడికి వచ్చా. ఏడున్నర లక్షలు దాటిన లోన్ కాబట్టి బ్యాంకు తాకట్టు అడిగింది. నాయన టౌన్‌లో కట్టిన చిన్న ఇంటి కాగితాలు పెట్టాడు. వడ్డీ మాత్రం బత్తాయి తోట మీద కట్టేవాడు. కాయకు రేటు బాగుంటే సరే, లేకపోతే అప్పు తెచ్చి వడ్డీ కట్టడమే.

రెండో ఏట ఊరికే ఒక మైక్రో ఎకనామిక్స్ క్లాసు తీసుకున్నా. మార్కెట్లో కాయ ఎక్కువొస్తే రేటు ఎందుకు పడుతుందో ఆ సారు బోర్డు మీద గీసి చూపిస్తుంటే, మా నాయన ఏటేటా పడే బాధ కళ్లకు కట్టింది. అంతే, సర్క్యూట్స్ క్లాసు చేదైపోయింది. ఇంకా మారనే లేదు, అప్లికేషనే పెట్టలేదు, అప్పుడే ఆ క్లాసుకు పోవడం మానేశా. డి గ్రేడు వచ్చింది. ఎట్లాగూ వదిలేసే చదువే కదా అని ధీమా.

బిజినెస్ స్కూలు తలుపు తట్టాక తెలిసింది. చాలా యూనివర్సిటీల్లో బిజినెస్‌కు లోపలే మళ్లీ వేరే అడ్మిషన్ ఉంటుంది. కాలిక్యులస్, మైక్రో, మాక్రో, అకౌంటింగ్‌లలో గ్రేడ్లు చూస్తారు, మొత్తం జీపీఏ, అంటే అన్ని గ్రేడ్ల సగటు, చూస్తారు. నా డి అక్కడ అడ్డుపడింది. ఎకనామిక్స్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కాలేజీలో ఉంది కాబట్టి అక్కడ చోటు దొరికింది. కాలిక్యులస్ పనికొచ్చింది. ఇంజినీరింగ్ క్లాసులు మాత్రం డిగ్రీకి తప్పనిసరి కాని ఫ్రీ ఎలెక్టివ్‌ల కింద పడేశారు, అందులోనూ కొన్నిటికి చోటు చాలలేదు. దాంతో ఒక సెమిస్టర్ ఎక్కువైంది.

ఆ ఒక్క సెమిస్టర్ గురించే ఇంత రాస్తున్నా. బయటి దేశం పిల్లల ఫీజు, పైన అద్దె, ఇన్సూరెన్స్. బ్యాంకు ఇచ్చే విడతలు అయిపోయాయి. క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలు మించి పని చేయనివ్వరు. ఆ ఇరవై గంటలూ డైనింగ్ హాల్లో పళ్లేలు కడిగినా అద్దెకు సరిపోయేది, ఫీజుకు కాదు. చివరికి మా చిన్నమ్మ చిట్టీ ఎత్తి పంపింది. ఆమె కూతురి పెళ్లికని వేసుకున్న చిట్టీ అది.

ఇంట్లో చెప్పకుండా మారానని కూడా ఇక్కడే చెప్పాలి. చివరి విడత ముందు బ్యాంకు మార్కుల కాగితాలు, కొత్త ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే కాగితం) అడిగింది. అందులో ఎకనామిక్స్ అని ఉంది. ఆ రాత్రి నాయన ఫోను: "ఇంజినీరింగు ఇడిసిపెట్టినవంట గద బిడ్డా. బ్యాంకు మేనేజరు చెప్తే నాకు ఎరుకైంది." తిట్టినా బాగుండేది. నువ్వు ఇంట్లోనూ, బ్యాంకులోనూ ముందే చెప్పు. మీ నాయన మేనేజరు ముందు నోరెళ్లబెట్టే పని పెట్టకు.

ఇక వీసా రూల్సు మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు, మారుతుంటాయి. ఒక్కటి మాత్రం నీ కళ్లతో నువ్వే చూసుకో. ఐ-20లో మేజర్ (నీ ముఖ్య సబ్జెక్టు) పక్కన ఒక నంబరుంటుంది. మామూలు ఎకనామిక్స్‌ది 45.0601. ఎకనామెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్‌ది 45.0603. రెండోది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) చదువుల లిస్టులో ఉంది, మొదటిది లేదు. స్టెమ్ అయితే చదువయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే అనుమతి) 12 నెలలకు తోడు ఇంకో 24 నెలలు పని చేసుకోవచ్చు. నాది మొదటి నంబరు. మా డిపార్ట్‌మెంట్‌లోనే, అవే సార్ల దగ్గర చదివిన చైనా అమ్మాయిది రెండోది. ఆమెకు మూడేళ్లు, నాకు ఏడాది. అంటే హెచ్1బీ (ఉద్యోగ వీసా) లాటరీ కూడా నాకు ఒక్కసారే. తగిలింది కాబట్టి ఇప్పుడు ఇట్లా సలహాలిస్తున్నా. బిజినెస్‌లోనూ ఇదే తంతు. ఉత్త ఫైనాన్స్ ఆ లిస్టులో లేదు, బిజినెస్ స్టాటిస్టిక్స్ ఉంది.

ఉద్యోగం మాత్రం లాటరీలో రాలేదులే. స్టాటిస్టిక్స్ క్లాసులు ఏరి ఏరి తీసుకున్నా, రాత్రిళ్లు ప్రోగ్రామింగ్ నేర్చుకున్నా. ఇప్పుడొక బీమా కంపెనీలో ప్రీమియం రేట్లు లెక్కగట్టే టీమును నడుపుతున్నా. తాకట్టు విడిపించా, చిన్నమ్మ కూతురి పెళ్లికి బంగారం నేనే పెట్టా. మీరు వీడియోలు చూసి ఎకనామిక్స్ అంటే లెక్కలుండవనుకుంటారు. లెక్కలంటే భయపడి మారేటట్టయితే మెకానికల్‌లోనే ఉండు, ఎకనామిక్స్ పక్క సబ్జెక్టుగా, అంటే మైనర్‌గా తీసుకో.

ఈ వారం చేయాల్సింది ఒకటే. మీ అడ్వైజర్ దగ్గర కూర్చుని, ఎకనామిక్స్‌కి మారితే ఇప్పటిదాకా చదివిన క్రెడిట్లలో ఎన్ని నిలుస్తాయో కాగితం మీద రాయించుకో. సెమిస్టర్ పెరుగుతుందంటే ఆ ఫీజు రూపాయల్లో ఎంతో మీ నాయనకు చెప్పు. అప్పటిదాకా థర్మోడైనమిక్స్ క్లాసు ఒక్కటి కూడా మానకు. డ్రాప్ చేద్దామనుకున్నా ఇంటర్నేషనల్ ఆఫీసును అడక్కుండా చేయకు, 12 క్రెడిట్ల కిందికి పడితే వీసాకే ఎసరు. ఆ కాగితం వచ్చాక నాకు పంపు, చూసి చెప్తా.