కలావ్రితా వ్యాసం చదివాక

ప్రియమైన అమ్మాయికి,

గ్రీసులోని కొండ ఊరు కలావ్రితా గురించి నువ్వు పంపిన ప్రయాణ వ్యాసం చదివాను. వాక్యం ఎక్కడా తడబడలేదు. రైలు ప్రయాణం మాత్రం మళ్ళీ చదివాను. సముద్రం ఒడ్డున ఉన్న దియాకోఫ్తో నుంచి 22 కిలోమీటర్లు, వురైకోస్ లోయలో కొండరాళ్ళను ఒరుసుకుంటూ పైకెక్కే బుల్లి రైలు. ఏటవాలు ఎక్కువున్న చోట పట్టాల మధ్య పళ్ళ కమ్మీని చక్రం అందుకోగానే పెట్టె ఒక్క కుదుపు కుదిపిందని రాశావు చూడు, అదీ సంగతి. 1896 నుంచి నడుస్తోందని ఇంట్లో కూర్చునైనా రాయొచ్చు. కుదుపు ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది.

గొడవంతా నువ్వు రైలు దిగాక మొదలైంది.

ఊరికి దగ్గర్లోని "అయ్యా లావ్రా" అనే క్రైస్తవ మఠం దగ్గర, "1821 మార్చి 25న బిషప్ గెర్మనోస్ ఇక్కడే జెండా ఎత్తి తుర్కుల మీద తిరుగుబాటు ప్రకటించాడు" అని ఢంకా బజాయించావు. చరిత్రకారులు చాలామంది దీన్ని ఒప్పుకోరు. ఆ రోజు ఆయన ఆ మఠంలో లేడంటారు. కలావ్రితాలో పోరు మార్చి 21నే మొదలైపోయింది. పూకవిల్ అనే ఫ్రెంచివాడు 1824లో అచ్చేసిన చరిత్రతో ఈ కథ యూరప్ అంతా పాకింది. 1838లో మార్చి 25ను గ్రీసు జాతీయ పండుగ చేశారు. మేరీమాతకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగ కూడా ఆ రోజే, కాబట్టి తేదీ అక్కడివాళ్ళ మనసుల్లో ఇట్టే కుదురుకుంది. 1865లో వ్రిజాకిస్ అనే గ్రీకు చిత్రకారుడు ఆ ఘట్టాన్ని బొమ్మగా వేశాక ఇక అనుమానించేదెవరు?

అలాగని కథను తీసెయ్యకు. కథను కథగా చెప్పు. మఠంలో దాచిన ఆ జెండా నిజానికి గర్భగుడి ద్వారానికి వేసే తెర. మేరీమాత నిర్యాణాన్ని దాని మీద కుట్టారు. జనం ఇప్పటికీ దాని ముందు ఆగి శిలువ గుర్తు వేసుకుంటారు. తెర జెండా ఎలా అయిందో చెప్పగలిగితే నీ వ్యాసం సగం గెలిచినట్టే.

ఇక రెండో ప్రపంచయుద్ధంలో, గ్రీసు జర్మన్ల ఆక్రమణలో ఉన్నప్పటి 1943 డిసెంబరు 13. ఇక్కడికొచ్చేసరికి నువ్వు "అని ప్రతీతి", "అంటారు" అంటూ నసిగావు. నమ్మాలో లేదో తెలియని దాన్ని బల్లగుద్ది చెప్పి, సాక్ష్యాలున్న దాని దగ్గర నీళ్ళు నమలడమేమిటి? బందీలుగా చిక్కిన జర్మన్ సైనికుల్ని గ్రీకు గెరిల్లాలు చంపినందుకు ప్రతీకారంగా జర్మన్ సైన్యం ఊరి మీద పడింది. జనాన్ని బడి దగ్గరికి పిలిపించారు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ బడిలో పెట్టి తాళం వేసి, మగవాళ్ళనూ ఎదిగిన అబ్బాయిలనూ కాపీ అనే గుట్ట మీదికి తీసుకెళ్ళి మెషిన్‌గన్లతో కాల్చేశారు. ఐదొందల మంది దాకా. బతికింది 13 మంది. ఊరు తగలబెట్టారు. మర్నాడు అయ్యా లావ్రానూ తగలబెట్టారు. గడ్డకట్టిన నేలను తవ్వి తమవాళ్ళను పాతిపెట్టుకున్నది ఆ ఊరి ఆడవాళ్ళే. చర్చి గోపురం మీద ఎడమవైపు గడియారం ముల్లు ఈనాటికీ ఆ మారణకాండ వేళ 2:34 దగ్గరే ఉంటుంది. నువ్వు దాని ఫోటో పెట్టి, కింద "ప్రశాంతమైన కొండ ఊరు" అని రాశావు!

ఇంత ఖచ్చితమైన చోట కూడా ఒక కథ చొరబడింది. మంటలంటుకున్న బడి తలుపును ఒక ఆస్ట్రియన్ సైనికుడు జాలిపడి తెరిచాడంటారు. బతికి బయటపడ్డవాళ్ళలోనే దాన్ని కొట్టిపారేసినవాళ్ళున్నారు. నువ్వు వాడాల్సిన "అంటారు" ఇక్కడిది.

ఇంకో మాట. నువ్వు జర్మనీలో చదువుకుంటున్నావు, అక్కడి నుంచే ఈ ఊరికి వెళ్ళావు. ఆ సంగతి వ్యాసంలో ఎక్కడా లేదు. నీకు ఇబ్బందిగా అనిపించి ఉంటుంది, నిజమే, నువ్వు చేసిన పాపమేమీ కాదు. కానీ ఎక్కడి నుంచి వచ్చావని ఆ ఊళ్ళో ఎవరైనా అడిగితే ఏం చెప్పావు? 2000లో జర్మనీ అధ్యక్షుడు యోహానెస్ రావ్ అక్కడికి వెళ్ళి, జరిగినదానికి సిగ్గుపడుతున్నానని చెప్పాడు. ఆయన పక్కన నీ ప్రయాణాన్ని పెట్టి చూసుకో. నాకైతే ఈ వ్యాసంలో అన్నిటికన్నా చదవాలనిపించేది ఆ పేరానే, అదే నువ్వు రాయలేదు.

మఠం గుమ్మం దగ్గర, ప్యాంటుతో వచ్చే ఆడవాళ్ళ కోసం కొక్కేనికి వేలాడదీసిన లంగా ఒకటి తీసి జీన్స్ మీద కట్టుకున్నానన్నావు. అది ఉంచు. సన్నటి కొవ్వొత్తి వెలిగించి ఇసుకలో గుచ్చి, నువ్వింకా అక్కడ నిలబడి ఉండగానే ఒక పెద్దావిడ వచ్చి సగం కాలినవన్నీ లాగి డబ్బాలో పడేసిందన్నావు. నీ కొవ్వొత్తి కూడా పోయిందా? చెప్పకుండా "మాటలకందని ఆధ్యాత్మిక అనుభూతి"లోకి వెళ్ళిపోయావు. ఆ పేరా మొత్తం కొట్టెయ్, ఆవిడ దగ్గర ఇంకాసేపు ఆగు.

టికెట్ ధరలు, హోటల్ వివరాలు తీసెయ్. వచ్చే ఏడాదికే పాతబడతాయి. పరీక్షలు దగ్గరపడ్డాయన్నావు కదా, ముందు అవి కానివ్వు. పత్రికవాళ్ళకు ఆలస్యమవుతుందని నేను చెబుతాను, ఆ టెన్షన్ పెట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు