ధాన్యం డబ్బు నీ ఖాతాలో పడాలంటే

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఉద్యోగం వదిలి పద్మనాభంలో మూడెకరాలు కౌలుకి తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఊడుపులు అయ్యాయి, ఇక కోతల దాకా నిశ్చింతే అనుకోకు. ప్రభుత్వ మద్దతు ధర నీకు దక్కేదీ లేనిదీ ఈ నెలా రెండు నెలల్లోనే తేలిపోతుంది.

ముందు కౌలు కార్డు సంగతి చూడు. భూమి యజమాని సీతమ్మధారలో ఉంటారట కదా, నువ్వే వెళ్లి మాట్లాడు. కార్డు కాగితం మీద సంతకం పెడితే పొలం చేజారిపోతుందని చాలామంది యజమానులకి భయం. 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డు 11 నెలలే చెల్లుతుంది. హక్కు పంట మీదే, భూమి మీద కాదు. ఆ మాట ఓపిగ్గా చెప్పు. కార్డు లేకపోతే నువ్వు చెమటోడ్చి పండించిన పంట ఆయన పేరున ఎక్కుతుంది, డబ్బూ ఆయన ఖాతాలోకే పోతుంది. పండించినవాడు తన డబ్బు కోసం ఇంకొకరి గుమ్మం ముందు నిలబడటం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. కేంద్రం ఏడాదికిచ్చే పీఎం కిసాన్ 6,000 మాత్రం సొంత భూమి ఉన్నవాళ్లకే, దాన్ని లెక్కలో వేసుకోకు.

తర్వాత ఈ-క్రాప్, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే నమోదు. రైతు సేవా కేంద్రం నుంచి సహాయకుడు ఫొటో తీయడానికి వచ్చినప్పుడు నువ్వు గట్టు మీద ఉండు. సర్వే నంబరు, ఎకరాలు, వరి రకం అతని ఫోన్‌లో చదివి చూసుకో. ఫొటో తీశారు కదా అని చాలామంది ఊరుకుంటారు. వేలిముద్ర వేసి ఈకేవైసీ చేస్తేనే నమోదు పూర్తయినట్టు. రైతు సేవా కేంద్రంలో జాబితా పెట్టినప్పుడు కూడా వెళ్లి చూడు. తప్పుంటే అప్పుడే దిద్దించుకోవాలి, కోతల వేళ ఎవరికీ తీరిక ఉండదు. ఇంకొకటి, ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకి లింకై ఉందో కనుక్కో. నీ పాత జీతం ఖాతాకి ఉండిపోయి, అది వాడకంలో లేకపోతే డబ్బు రావడం ఆగిపోతుంది.

ధర విషయానికొస్తే, 2025-26కి సాధారణ రకం క్వింటాలు 2,369 రూపాయలు, గ్రేడ్-ఏ రకం 2,389గా ప్రకటించారు. ఆ లెక్కన సాధారణ రకం 80 కిలోల బస్తాకి 1,895 అవుతుంది, 75 కిలోల బస్తాకి 1,777. కళ్లంలోకి వచ్చిన వ్యాపారి బస్తాకి ఇంత అనగానే, బస్తా ఎన్ని కిలోలో ముందు అడుగు.

అందరూ దెబ్బతినేది తేమ దగ్గరే. 17 శాతం దాటకూడదు. మిషన్‌తో కోయిస్తే గింజ పచ్చిగా వస్తుంది. టార్పాలిన్ మీద పలచగా పరిచి, పొద్దెక్కాక గంటకోసారి కాళ్లతో కలియదున్ను. పైన గలగలమన్నా అడుగున చెమ్మ ఉంటుంది, అక్కడ చెయ్యి పెట్టి చూడు. గింజ కొరికితే టక్కున విరగాలి. సాయంత్రం మంచు పడకముందే కుప్ప చేసి కప్పెయ్. తాలు, చెత్త తూర్పారబట్టించు. తేమ మిషన్ పెట్టేటప్పుడు పక్కనే ఉండి అంకె నువ్వే చూడు. మిల్లు దగ్గర మళ్లీ తేమ ఎక్కువుందనీ, తరుగు ఇమ్మనీ అంటే తల ఊపి రాకు. మండల వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్లు. భయమెందుకు, నువ్వు అడుగుతున్నది ప్రభుత్వం ప్రకటించిన ధరే.

కోత మిషన్ అద్దెకీ కూలీలకీ కొంత డబ్బు ఇప్పటి నుంచే పక్కన పెట్టుకో. చేతిలో పైసా లేకపోవడం వల్లే, నవంబరులో తుఫాను అనగానే పచ్చి ధాన్యం వచ్చిన రేటుకి తెగనమ్ముకుంటారు. మంచి టార్పాలిన్లు కూడా కోతలకి ముందే కొను.

యజమాని సంతకానికి వెనకాడితే నాకు ఫోన్ చెయ్యి. ఆదివారం ఇద్దరం కలిసి వెళ్దాం.

నీ మావయ్య