స్టేట్ ఉద్యోగంలో ఉన్న ఆర్మీ రిటైరీకి ట్రైకేర్ సప్లిమెంట్ అవసరమా?

మీ ప్రశ్న నాకు బాగా తెలిసిన విషయమే అండీ. అమెరికా ఆర్మీలో 20 ఏళ్లు చేసి రిటైరై స్టేట్ గవర్నమెంట్ ఉద్యోగంలో చేరారు. రిటైరైన సైనికులకీ వాళ్ల కుటుంబాలకీ అక్కడి సైన్యం తరఫున ఉండే హెల్త్ ఇన్సూరెన్సే ట్రైకేర్. హెచ్‌ఆర్ ఇచ్చిన కాగితాల్లో స్టేట్ ఇచ్చే మామూలు హెల్త్ ప్లాన్‌తో పాటు ట్రైకేర్ సప్లిమెంట్, అంటే ట్రైకేర్‌కి తోడుగా కొనుక్కునే అదనపు ఇన్సూరెన్స్ కూడా ఉంది, ఏది తీసుకోవాలని అడిగారు. నాదీ ఇదే పరిస్థితి. మొదటి ఏడాది స్టేట్ ప్లాన్‌లో ఉండి, తర్వాత సప్లిమెంట్‌కి మారాను.

అసలు చూడాల్సింది బిల్లు ముందు ఎవరి దగ్గరికి వెళ్తుందన్నది. స్టేట్ ప్లాన్ తీసుకుంటే ముందు ఆ ప్లాన్ కడుతుంది, మిగిలింది ట్రైకేర్ చూస్తుంది. అది వదిలేసి సప్లిమెంట్ తీసుకుంటే ట్రైకేర్ ముందు కడుతుంది, మీ వంతుకి వచ్చే కోపే (ప్రతి విజిట్‌కి కట్టే స్థిరమైన మొత్తం), కాస్ట్ షేర్ (బిల్లులో మీ శాతం) లాంటివి సప్లిమెంట్ భరిస్తుంది. అంటే సప్లిమెంట్ ఒక్కదాన్నే నమ్ముకుని ఉండలేం. ట్రైకేర్ ఒప్పుకోని వైద్యానికి మామూలుగా అదీ డబ్బివ్వదు.

ఇది తెలియకే నేను ఇబ్బంది పడ్డాను. మారిన రెండో నెలలో మోకాలికి ఎంఆర్ఐ తీశారు. స్టేట్ ప్లాన్ మానేస్తున్నట్టు హెచ్‌ఆర్‌కి చెప్పాను గానీ, ట్రైకేర్‌కి కూడా విడిగా చెప్పాలని నాకు తట్టలేదు. వాళ్ల రికార్డులో పాత ప్లాన్ అలాగే ఉండిపోయింది. "మీకు వేరే ఇన్సూరెన్స్ ఉంది, ముందు వాళ్లు కట్టాలి" అని క్లెయిమ్ తిప్పి పంపారు. ట్రైకేర్ కట్టలేదు కాబట్టి సప్లిమెంట్ వాళ్లూ కదల్లేదు. పాత ప్లాన్ వాళ్లేమో మీరు మా మెంబరే కాదన్నారు. గడువు దాటిందని ఎర్ర అక్షరాలతో బిల్లు వచ్చిన రోజు మా ఆవిడ ఆ కవరు టేబుల్ మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా నా ఎదురుగా కూర్చుంది. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. చివరికి పాత ప్లాన్ ఏ తేదీన ఆగిందో చూపించే ఉత్తరం తెప్పించి ట్రైకేర్‌కి పంపాకే క్లెయిమ్ మళ్లీ తీసుకున్నారు. ఎంత కట్టారో చూపిస్తూ ట్రైకేర్ ఇచ్చిన కాగితాన్ని జతచేస్తే అప్పుడు సప్లిమెంట్ డబ్బు వచ్చింది. మీరు ఆ ఉత్తరాన్ని మారే రోజే అడిగి పెట్టుకోండి.

ఇంకో మాట. రిటైరయ్యాను కదా, ట్రైకేర్ దానంతటదే ఉంటుందనుకోకండి. 2018 నుంచి ట్రైకేర్‌లోని రెండు ప్లాన్లైన ప్రైమ్‌లోనో సెలెక్ట్‌లోనో పేరు నమోదు చేసుకోవాలి. వేరే ఇన్సూరెన్స్ పోతే 90 రోజుల్లోపు చేరే వీలుంది. డీర్స్‌లో, అంటే ట్రైకేర్ అర్హత చూసే సైన్యం రికార్డుల్లో, మీ కుటుంబ వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

ఇక ఖర్చు సంగతి. 2008 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ చట్టం వల్ల సప్లిమెంట్ ప్రీమియంలో ఆఫీసు వాటా ఏమీ ఉండదు, అంతా మనమే కట్టుకోవాలి. స్టేట్ ప్లాన్‌కి మాత్రం ఆఫీసు పెద్ద వాటా కడుతుంది. మీ జీతంలో కోత చాలా తక్కువైతే దాన్ని వదలకండి, నమోదు చేసుకుని ఉంటే వెనక ట్రైకేర్ కూడా ఉంటుంది. కోత ఎక్కువగా ఉంటే లెక్క వేయండి. 2018కి ముందు సర్వీసులో చేరిన రిటైరీలకు సెలెక్ట్‌లో కుటుంబం జేబులోంచి పెట్టే ఖర్చుకి 2021లో ఏడాదికి 3,500 డాలర్ల పరిమితి ఉండేది, తర్వాత పెరుగుతూ వచ్చింది. సప్లిమెంట్ ఏడాది ప్రీమియంని ఈ ఏడాది పరిమితి పక్కన పెట్టి చూడండి. ట్రైకేర్ రేటుకి ఒప్పుకోని డాక్టరు దానిపైన 15 శాతం దాకా వసూలు చేయొచ్చు, అది ఈ పరిమితిలోకి రాదు. మా ఆవిడకి ప్రతి నెలా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాల్సి ఉంటుంది కాబట్టి మాకు సప్లిమెంట్ గిట్టుబాటైంది. డాక్టర్ దగ్గరికి అరుదుగా వెళ్లే ఇంట్లో సెలెక్ట్ ఒక్కటీ చాలని నా అభిప్రాయం.

మీ పిల్లల వయసు రాయలేదు. ట్రైకేర్ మామూలుగా 21 ఏళ్ల వరకే, ఫుల్ టైమ్ కాలేజీలో ఉంటే 23 వరకు. స్టేట్ ప్లాన్‌లో అయితే 26 వరకు ఉంచవచ్చు. ఇంట్లో 20 ఏళ్ల అబ్బాయో అమ్మాయో ఉంటే సంతకం పెట్టే ముందు ఇది కూడా చూసుకోండి.