టవర్‌ను కోసే ముందు నాయనమ్మ కుర్చీలో కూర్చో

పెరంబూరు, చెన్నై

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మీ వేలచేరి నీళ్లలో మునిగినప్పుడు తడిసిన టవర్ స్పీకర్ అది, పక్కింటివారు పారేస్తుంటే, టీవీ కింద మాటలు వినిపించే సెంటర్ స్పీకర్‌గా వాడదామని అడిగి తెచ్చుకున్నావు. నీ జతలో ఉన్నదీ అదే మోడల్ కావడం నీ అదృష్టం. కుడి ఎడమల్లో ఉన్న సన్న స్వరాల ట్వీటరు, లోతు స్వరాల వూఫరే మధ్యలోనూ ఉంటే గొంతు ఏ పక్కకు జరిగినా దాని రంగు మారదు. సినిమా హాళ్లలో చిల్లుల తెర వెనక మూడు ఒకే రకం స్పీకర్లు నిలబెట్టేది ఇందుకే. కోడంబాకం డబ్బింగ్ థియేటర్లలో ముప్ఫై ఏళ్లు మాటలు వింటూ గడిపినవాణ్ని కాబట్టి, ఈ పని నువ్వు బాగా చెయ్యాలని నాకు చాలా ఆశగా ఉంది.

కానీ దాన్ని అలాగే టీవీ కింద అడ్డంగా పడుకోబెడతానన్నావు. అది వద్దు.

ఎందుకో చెబుతాను. నీ టవర్‌లో ట్వీటర్ మధ్య నుంచి దాని కింది వూఫర్ మధ్యకు సుమారు 15 సెంటీమీటర్లు. ఆ రెండూ పని పంచుకునేది 2500 హెర్ట్జ్ దగ్గర అనుకుందాం. అక్కడ ధ్వని తరంగం పొడవు 14 సెంటీమీటర్ల లోపే. స్పీకర్ పడుకుని ఉంటే, 30 డిగ్రీలు పక్కకు కూర్చున్నవారి చెవికి ఒకదాని ధ్వని రెండోదానికంటే ఏడున్నర సెంటీమీటర్లు ఎక్కువ దూరం నడవాలి. అంటే దాదాపు సగం తరంగం. రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. హల్లులు విడివిడిగా తెలిసే చోటే గొయ్యి పడుతుంది. స్పీకర్ నిలువుగా ఉన్నా ఆ గొయ్యి ఉంటుంది, కాకపోతే నేలవైపూ పైకప్పువైపూ పోతుంది. అక్కడ ఎవరి చెవులూ ఉండవు.

మీ హాల్లో కిటికీ పక్క కుర్చీ నాయనమ్మది. సోఫా మధ్యలో కూర్చునే నీకు సెంటర్ స్పీకర్ లేకపోయినా గొంతు తెర మధ్యనుంచే వస్తుంది. పక్కన కూర్చున్న ఆవిడకు అలా రాదు. "ఏమన్నాడే?" అని సినిమా అంతా అడిగేది ఆవిడే. ఈ స్పీకర్ ఆవిడ కోసం. నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఇవాళే టవర్‌ను రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టి, ఆ కుర్చీలో కూర్చుని వార్తలు విను. తరవాత నిలబెట్టి విను.

టవర్ మొత్తం టీవీ కింద నిలువుగా పట్టదు కాబట్టి, ఇక కోత. నీది రెండున్నర దారుల టవర్ అయితే పని సులువు. అలాంటి టవర్‌లో కింది వూఫర్ సుమారు 300 హెర్ట్జ్ కింద మాత్రమే సాయం చేస్తుంది. దాన్ని తీసేసినా పై వూఫర్‌కూ ట్వీటర్‌కూ ఉన్న పొత్తు చెడదు. తగ్గిన ఆ కింది స్వరం, గోడకూ బల్లకూ దగ్గరగా పెట్టడం వల్ల చాలావరకు తిరిగి వస్తుంది. వెనక పలక విప్పి క్రాసోవర్, అంటే స్వరాలను ట్వీటర్‌కూ వూఫర్లకూ పంచే సర్క్యూట్, చూడు. రెండు వూఫర్లకూ వేర్వేరు కాయిల్ నుంచి తీగలు వెళ్తుంటే రెండున్నర దారులే. రెండూ ఒకే కాయిల్‌కు కట్టి ఉంటే మాత్రం ఒకటి తీసేయకు. ఇంపెడెన్స్, అంటే కరెంటుకు ఉండే అడ్డు, రెట్టింపై క్రాసోవర్ లెక్కంతా తప్పుతుంది. అప్పుడు నాకు చెప్పు, వేరే దారి చూద్దాం.

రెండు వూఫర్ల నడుమ కోసి పైభాగం ఉంచుకుంటే సుమారు 38 సెంటీమీటర్ల ఎత్తు పెట్టె మిగులుతుంది. టీవీని ఒక జానెడు పైకి బిగిస్తే కింద నిలువుగా పడుతుంది. కోసే ముందు తడి ఎంతవరకు ఎక్కిందో చూడు. పెట్టె చేసిన ఎండీఎఫ్, అంటే చెక్క పీచు అదిమి చేసిన పలక, నీటిని గుడ్డలాగా పైకి పీల్చుకుంటుంది, బయట మరక ఆగినచోట లోపలి తడి ఆగదు. అంచు పొడవునా గోరుతో నొక్కుతూ పైకి రా. గోరు దిగినంత మేరా పనికిరాదు.

క్రాసోవర్ అడుగున ఉంటే అదీ తడిసే ఉంటుంది. కెపాసిటర్లు మార్చేయి. రిచీ వీధిలో అదే విలువవి, వోల్టేజి తగ్గకుండా అడిగి తీసుకో.

వూఫర్ విప్పేటప్పుడు కోన్ మీద, అంటే ముందు కదిలే గరాటు మీద, అట్టముక్క కప్పు. అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ను చేతిలోంచి లాక్కుంటుంది, ఒక్క క్షణంలో కోన్‌కు చిల్లు పడుతుంది. నా మొదటి జత అలాగే పోయింది. తీగలకు రంగు టేపు చుట్టు. గుర్తు చెరిగితే పెన్సిల్ సెల్ ఒక్కసారి తాకించు. కోన్ ముందుకు వస్తే, సెల్ ప్లస్ తగిలిన కొసే ప్లస్. ట్వీటర్‌కు మాత్రం ఈ పరీక్ష చెయ్యకు.

కోత నువ్వు కోయవద్దు. పెద్ద రంపం బల్ల ఉన్న వడ్రంగి చేత కోయించు, గీత మీద టేపు అంటించమను, మాస్కు తప్పకుండా పెట్టుకో. ఎండీఎఫ్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అడుగుకు 18 మిల్లీమీటర్ల కొత్త పలక ఫెవికాల్‌తో అతికించి మరలు బిగించండి. మన సముద్రపు గాలికి మళ్లీ ఉబ్బకుండా కోసిన అంచులకు రెండుసార్లు ప్రైమర్ పుయ్యాలి. పోర్టు, అంటే పెట్టెలో గాలి పోయే గొట్టం, కింది భాగంతోపాటు పోతుంది, పెట్టె పూర్తిగా మూసుకుపోతుంది, అదే కావాలి. రిసీవర్‌లో సెంటర్‌ను 'స్మాల్' అని పెట్టి 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సబ్‌వూఫర్‌కు వదిలేయి. బిగించాక వూఫర్ కోన్‌ను నాలుగు వేళ్లతో మెల్లగా నొక్కి వదులు. నిదానంగా వెనక్కి వస్తే గాలి బయటకు పోవడం లేదు. చటుక్కున వస్తే ఎక్కడో సందు ఉంది.

పెట్టె ముఖం బల్ల అంచుతో సమానంగా ఉండాలి, లోపలికి పోకూడదు. ముందు వైపు కింద తలుపుకు పెట్టే రబ్బరు ముక్క ఒకటి దూర్చి, ట్వీటర్ నాయనమ్మ చెవి ఎత్తుకు చూసేలా వంచు.

ఆదివారం ఉదయం వస్తున్నాను. అప్పటిదాకా రంపం ముట్టకుండా క్రాసోవర్ ఫోటో పంపు.

మీ పెదనాన్న