తండ్రి సంతకం చెల్లదు

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం. పెళ్లి కాకుండానే గర్భం వచ్చింది. పెళ్లి చేసుకుంటానని తిప్పిన అబ్బాయి ఇప్పుడు ఇంట్లో ఒప్పుకోవట్లేదంటున్నాడు. స్కానింగ్‌లో 18 వారాల 2 రోజులని వచ్చి పన్నెండు రోజులైంది. అమ్మాయి ఎటూ తేల్చడం లేదు. కోపంలో దాని ఫోన్ లాక్కుని అన్నీ చెరిపించేశాను. మా బావమరిది ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్ మాట్లాడాడు, తండ్రి సంతకం చాలన్నారట. పరువు పోతోంది సార్. మేమే తీయించేసి, ఆ అబ్బాయి మీద కేసు పెట్టవచ్చా?
- ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీరు పంపిన నాలుగు పేజీల్లో ‘పరువు’ తొమ్మిది సార్లు ఉంది. అమ్మాయి ఏమంటోందో ఒక్కచోటే ఉంది, ‘ఎటూ తేల్చడం లేదు’ అని. మీ కేసంతా ఆ ఒక్క ముక్క మీదే ఉంది.

18 ఏళ్లు నిండిన, మతి స్థిమితం ఉన్న స్త్రీకి గర్భం తీయాలంటే ఆమె సంతకం ఒక్కటే కావాలి. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి (ఎంటీపీ) చట్టం చెప్పేది ఇదే. ఆస్పత్రిలో ఇచ్చే సమ్మతి పత్రం, ఫారం ‘సి’ మీద తండ్రి సంతకానికి విలువ లేదు, భర్త ఉన్నా అతని సంతకానికీ లేదు. ఆమె ఒప్పుకోకుండా చేయిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 89 కింద పదేళ్ల వరకు, లేదా యావజ్జీవం. అనుమతి లేని నర్సింగ్ హోమ్‌లో చేసిన డాక్టరుకు రెండు నుంచి ఏడేళ్లు. ‘తండ్రి సంతకం చాలు’ అన్నవాడు రేపు పోలీసులొస్తే మీ సంతకమే చూపిస్తాడు. మీ బావమరిది మాట్లాడినది వెంటనే రద్దు చేసుకోండి. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి గుట్టుగా మింగించే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. ఇన్ని వారాలకు ఇంట్లో మాత్రలంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇక గడువు. మీ ఉత్తరం అందిన రోజుకి లెక్క వేస్తే సరిగ్గా 20 వారాలు. అప్పటిదాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. అది దాటాక 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు చూడాలి. ఈ వెసులుబాటు పెళ్లికాని వాళ్లకూ ఉందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న చెప్పింది. ఆ కేసులోనూ అబ్బాయి పెళ్లికి వెనక్కి తగ్గాడు. 24 దాటితే, బిడ్డలో తీవ్రమైన లోపమో తల్లి ప్రాణానికి ముప్పో ఉంటే తప్ప, హైకోర్టు మెట్లెక్కాల్సిందే. అంటే ఆమెకు మిగిలింది నాలుగు వారాలు. అందులో మీరు బంధువుల కోసం ఖర్చు పెట్టడానికి ఒక్క రోజు కూడా లేదు.

ఫోన్ సంగతి. అబ్బాయి మీద పడేది అదే న్యాయ సంహితలోని సెక్షన్ 69, పెళ్లి చేసుకునే ఉద్దేశం లేకుండానే మాటిచ్చి మోసం చేశాడని. మొదటి నుంచే ఆ ఉద్దేశం లేదని చూపించాలి, ఇప్పుడు ఇంట్లో ఒప్పుకోలేదంటే సరిపోదు. దాన్ని నిరూపించే మెసేజ్‌లను మీ చేతులతో మీరే చెరిపించారు. డిఫెన్స్ లాయర్‌కి ఇంతకంటే మంచి కానుక ఎవరిస్తారండీ? ఫోన్ ఆమెకు తిరిగివ్వండి, గూగుల్ బ్యాకప్‌లో ఏమైనా మిగిలిందేమో ఆమెనే చూసుకోనివ్వండి. దొరికితే స్క్రీన్‌షాట్లతో సరిపెట్టక ఆ ఫోన్‌నే భద్రంగా ఉంచాలి, కోర్టులో మెసేజ్‌ల కాపీలు పెట్టాలంటే వాటికి సర్టిఫికెట్ కూడా కావాలి. పైగా ఈ కేసులో మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వాల్సింది ఆమె. ఆమెకు ఇష్టం లేకుండా మీరు పెట్టించే కేసు మొదటి వాయిదాకే కూలుతుంది. ఆమె కేసు కావాలనుకుంటే, గర్భం తీయించుకునే ముందే ఫిర్యాదు ఇవ్వాలి. అప్పుడే డీఎన్‌ఏ శాంపిల్‌ను పోలీసుల ద్వారా భద్రపరుస్తారు.

ఆమె కనాలనుకుంటే? అదీ ఆమె ఇష్టమే. పెళ్లి లేకపోయినా బిడ్డకు తండ్రి నుంచి మనోవర్తి వస్తుంది. పెళ్లికాని తల్లి తండ్రి పేరు చెప్పకుండానే బిడ్డకు గార్డియన్ కావచ్చని 2015లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

రేపు పొద్దున్నే పేట్లబురుజు ప్రసూతి ఆస్పత్రికి స్కాన్ రిపోర్టు, ఆధార్‌తో ఆమెను వెళ్లనివ్వండి. తోడు కావాలంటే వాళ్లమ్మ వెళ్లవచ్చు, కానీ డాక్టరు గదిలోకి ఆమె ఒక్కతే. పేరు బయటికొస్తుందని మీ భయం కదా, వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలు ఉంది. ఉచిత న్యాయ సహాయం కోసం 15100, ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు.

మళ్లీ రాయాల్సి వస్తే అమ్మాయిని రాయమనండి, ఆమె ఫోన్ నుంచే.